రీబౌండ్ల పట్టికలో అరసున్న

బాస్కెట్‌బాల్‌లో బంతి రింగు అంచుకు తగిలి బయటికి ఎగిరిన క్షణాన ఆటస్థలంలోని కళ్ళన్నీ పైకి లేస్తాయి. అలా తిరిగి వచ్చిన బంతిని అందుకోవడాన్ని రీబౌండ్ అంటారు. దానిని ఏ చేతులు అందుకున్నాయో చూసి, ఆ చొక్కా అంకె ఎదుట ఒక నిలువు గీత గీయడం నా పని. ప్లేనో అనే అమెరికా నగరానికి అరగంట ప్రయాణ దూరంలో ఉన్న ఒక చిన్న కళాశాలలో గణితం బోధించినన్ని సంవత్సరాలూ, పదవీ విరమణ తరువాత కూడా, చలికాలపు శనివారం మధ్యాహ్నాలలో స్కోరర్ టేబుల్ దగ్గర, కుడి కొస నుంచి రెండవ కుర్చీలో కూర్చుని ఈ గీతలు గీస్తూ వచ్చాను.

అధికారికమైన లెక్కను కంప్యూటర్ ముందు కూర్చున్న విద్యార్థి నమోదు చేస్తాడు. నాది కోచ్ కోరి రాయించుకునే పట్టిక. ఈ కోచ్ ఒకప్పుడు నా తరగతిలో రెండుసార్లు తప్పి, మూడవసారి గట్టెక్కినవాడు. అందువల్లనో ఏమో, నా అంకెలను అతను ఎన్నడూ ప్రశ్నించలేదు. కంప్యూటర్ అంకెకూ నా అంకెకూ తేడా వస్తే నాదే సరైనదని విద్యార్థులతో వాదించేవాడు. అంతటి నమ్మకం నన్ను మరింత జాగ్రత్తపరుణ్ణి చేసి ఉండవలసింది. గర్వపరుణ్ణి చేసింది.

పట్టిక గీయడంలో నాకు కొన్ని నియమాలు ఉన్నాయి. స్కేలు లేకుండా గీత గీయను. పెన్సిలు ప్రతి విరామంలోనూ చెక్కుతాను. మన రింగు కింద పట్టినవి ఎడమ గడిలో, ఎదుటివారి రింగు కింద పట్టినవి కుడి గడిలో. నాలుగు నిలువు గీతల తరువాత ఐదవది వాటి మీద అడ్డంగా. తుడుపు రబ్బరు వాడను. తప్పు గీసిన చోట చిన్న సంతకం చేసి పక్క గడిలో సరిచేస్తాను. ఇన్ని సంవత్సరాలలో అటువంటి సంతకాలు చాలా తక్కువ.

కుడి కొసన ఉన్న చివరి కుర్చీ నా భార్యది. ఆమె భాషాప్రవీణ చదివింది. ఇక్కడ ఆదివారాలు పిల్లలకు తెలుగు పాఠం చెప్పేది. ఆమె కారు నడపడం నేర్చుకోలేదు. నేర్పబోయిన రెండు పాఠాలలోనే మా సంసారానికి ముప్పు వచ్చేటట్టు ఉందని ఇద్దరమూ గ్రహించి విరమించుకున్నాం. శనివారం పూట ఇంట్లో ఒంటరిగా ఉండలేక నాతో వచ్చేది. మొదటి రెండు సీజన్లు ఆటవైపు చూడకుండా పిల్లల కాపీ పుస్తకాలు దిద్దుకునేది. మూడవ సీజన్‌లో ఒకనాడు ఎర్ర పెన్ను మూత పెట్టి తల ఎత్తింది.

"ఏమండీ, ఆ పొడుగాయనకి ఒక్క గీతా పెట్టలేదేం?"

"అతనికి బంతి దొరకలేదు."

"దొరకలేదు సరే. అవతలివాళ్ళని ఇద్దరిని వీపుతో ఆపాడు. అందుకే కదూ ఆ పొట్టి అబ్బాయికి తీరిగ్గా దొరికింది?"

"దానికి గడి లేదు."

"గడి మీరు గీసుకున్నదేగా. పైనుంచి దిగొచ్చిందా?"

నేను జవాబు చెప్పే లోపల నా చేతిలోని పెన్సిలు తీసుకుని, కాగితం కుడి అంచున, స్కేలు లేకుండా, చేతితోనే ఒక నిలువు గీత గీసింది. అది వంకరగా వచ్చింది. ఆ గీతకు ఇవతల, పొడుగాటి ఆటగాడి వరుసలో, చంద్రవంక వంటి చిన్న గుర్తు పెట్టింది.

"ఇదేమిటి?"

"అరసున్న. పలకదు, కాని ఉంటుంది."

ఇప్పటి పాఠకులలో చాలామందికి అరసున్న తెలియదు గనుక చెప్పాలి. పాత రచనలో కొన్ని మాటల నడుమ సగం సున్నను రాసేవారు. దానికి ఉచ్చారణ లేదు. అయినా అది ఉంటే ఒక అర్థం, లేకుంటే మరొక అర్థం వచ్చే మాటలు ఉన్నాయి. అరసున్న లేకుండా 'వీడు' అని రాస్తే విడిచిపెట్టు అని అర్థం. అరసున్నతో 'వీఁడు' అని రాస్తే ఈ మనిషి అని అర్థం. రెండింటినీ ఒకే విధంగా పలుకుతాం. నేను చదువుకునే నాటికే అది వాడుకలో నుంచి తప్పుకున్నది. భాషే వదులుకున్న అక్షరాన్ని బాస్కెట్‌బాల్ పట్టికలోకి తేవడం అక్రమమని నేను ఆమెతో వాదించాను.

"మీకు వినపడకపోతే లేదనెయ్యడం అలవాటే లెండి," అన్నది. "మొన్న కుక్కర్ కూతా అంతే. నాలుగు కూతలేసినా రెండే అన్నారు. అన్నం ఏమైందో ఇద్దరం తిన్నాం."

అప్పటి నుంచి మా నోటు పుస్తకంలో నా గడులు రెండు, ఆమె గడి ఒకటి. నేను బంతిని చూసేవాణ్ణి. ఆమె రింగు కింద నేలను చూసేది. ఆటగాళ్ళ భాషలో బాక్స్ అవుట్ అనే ఒక పని ఉంది. ఎదుటివాడు బంతిని రింగు వైపు విసిరిన మరుక్షణం మన ఆటగాడు బంతిని మరచి, తన వంతు మనిషిని వెతుక్కుని, అతనికి వీపు తిప్పి, నడుము దించి, కాళ్ళు ఎడం చేసి, అతడు రింగు దాపుకు రాకుండా నిలవరించడం. ఆ పని చేసినవాడికి తరచు బంతి దొరకదు. అతని వెనుక చిక్కుకున్నవాడికీ దొరకదు. మధ్యలోని ఖాళీ నేల మీద పడిన బంతిని వేరొకడు వచ్చి తీసుకుంటాడు. నా గీత ఆ వేరొకడికి పోయేది. ఆమె అరసున్న మొదటివాడికి పోయేది.

నేలనే చూడడం వల్ల ఆమెకు ఒక లోటు ఉండేది. బంతి చివరికి ఎవరి చేతిలో పడిందో ఆమె చూసేది కాదు. ప్రతిసారీ నన్ను అడిగేది.

"ఎవరికి దొరికిందండీ?"

"ఎదురుగానే కూర్చున్నావు కదా. చూడలేదా?"

"నేను వాణ్ణి చూస్తున్నానండీ. ఎవరికి?"

విసుగుతోనే అంకె చెప్పేవాణ్ణి. ఒక్కొక్క ఆటలో ఆ ప్రశ్న ఎన్నిమార్లు విన్నానో నేను లెక్క పెట్టలేదు. సమస్తమూ లెక్క పెట్టిన నేను అదొక్కటి పెట్టలేదు.

ఆట తరువాత కోచ్‌కు నేను శుభ్రప్రతి రాసి ఇచ్చేవాణ్ణి. దానిలో ఆమె గడి ఉండేది కాదు. వంకర గీతను కోచ్‌కు చూపడం నాకు ఇష్టం లేకపోయింది. ఆమె కూడా అడగలేదు. ఆ విధంగా అరసున్నలు మా ఇద్దరి పుస్తకంలోనే ఉండిపోయాయి. మూడు సంవత్సరాల క్రితం ఒక వేసవిలో ఆమె మరణించింది. శరదృతువులో కొత్త నోటు పుస్తకం తీసి, స్కేలుతో నా రెండు గడులే గీసుకున్నాను. పేజీ చూడడానికి చాలా చక్కగా ఉంది. కుడి కొస కుర్చీలో నా సంచి పెట్టుకోవడం మొదలుపెట్టాను.

ఆ తరువాతి రెండు సీజన్లలో మా జట్టు ఓడిన ఆటలలో ఎక్కువ భాగం రింగు కింద ఓడినవే. మా గార్డులు, అంటే బంతిని ముందుకు నడిపించే ఆటగాళ్ళు, ఇద్దరూ చురుకైనవారు, కాని పొట్టివారు. ఎదుటివారు ఒకసారి విసిరి తప్పినా ఆ బంతిని వారే మళ్ళీ పట్టుకుని రెండవసారి విసిరేవారు. ఈ సంవత్సరం కోచ్ ఎక్కడెక్కడో వెదికి ఒక పొడుగు ఆటగాణ్ణి తెచ్చాడు. ఆరడుగుల పది అంగుళాల మనిషి. వర్జీనియాలో హెర్న్‌డన్‌లో పెరిగాడు. మూడు సంవత్సరాలు ఒక పెద్ద కళాశాల జట్టులో ఉండి, ఆడింది తక్కువ, బెంచీ మీద కూర్చున్నది ఎక్కువ. ఇది అతని చివరి సంవత్సరం. దీని తరువాత అతనికి ఆట లేదు.

అతడు తెలుగువాడని నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఆటగాళ్ళను చొక్కా అంకెలతోనే గుర్తుంచుకుంటాను. మొదటి ప్రాక్టీసునాడు నా నోటు పుస్తకం కుర్చీ పక్కన నేల మీద ఉంది. బయటికి పోతున్న బంతి కోసం పరుగెత్తుకుంటూ వచ్చిన అతని బూటు దాని మూలను తొక్కింది. అతడు బంతిని వదిలిపెట్టి ఆగాడు. అంత ఎత్తు నుంచి మూడు మడతలుగా వంగి, పుస్తకాన్ని వేళ్ళతో తాకి, ఆ వేళ్ళను కళ్ళకు అద్దుకున్నాడు. కోచ్ ఈల వేస్తున్నాడు. నా నోటి నుంచి తెలుగు దానంతట అదే వచ్చింది.

"పరవాలేదు."

అతడు సగం లేచినవాడు అలాగే నిలబడిపోయాడు. "నువ్వు తెలుగా, అంకుల్?"

"'మీరు' అనాలి."

"నేనా? నేను తెలుగే, అంకుల్."

"నిన్ను కాదు. నన్ను 'మీరు' అనాలి."

"ఓ, సారీ. మీరు తెలుగా?"

"అవును. వెళ్ళు, కోచ్ పిలుస్తున్నాడు."

ఇంటికి వచ్చి పుస్తకం తెరిస్తే మొదటి పేజీ మూలన బూటు గీతలు అచ్చుపడి ఉన్నాయి. వేరొకరి బూటయితే ఆ పేజీ చింపి, పట్టిక మళ్ళీ గీసి ఉండేవాణ్ణి. దానిని అలాగే ఉంచాను.

సీజన్ మొదలైంది. తొలి ఆటల తరువాత నా పట్టికలో అతని వరుస దాదాపు ఖాళీగా కనిపించింది. అతని నెత్తి మీది నుంచి అందుకోవలసిన పొట్టి గార్డుల వరుసలలో గీతలు అడ్డంగా కొట్టి కట్టలు కట్టవలసి వచ్చింది. కోచ్ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"ఇంత ఎత్తు ఉండి బంతి పట్టడు. నేను మరేదో ఊహించాను, ప్రొఫెసర్."

"పట్టికలో ఉన్నది అదే," అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా మనస్సులో ఏ సందేహమూ లేదు. కాన్ఫరెన్స్ ఆటలు, అంటే మా ప్రాంతపు కళాశాలల మధ్య అసలైన పోటీలు, మొదలు కావడానికి మరొక శనివారం మిగిలి ఉంది. ఆ రోజుతో ఈ పద్ధతిని ముగించి, అతణ్ణి బెంచీ మీదికి పంపి, వేగంగా పరుగెత్తే చిన్నవారితోనే మిగతా సీజన్ ఆడించాలని కోచ్ నిర్ణయించుకున్నాడు. ఆ సంగతి బుధవారం ప్రాక్టీసు నాటికి అతనికి తెలిసింది. నీళ్ళ సీసా పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"అంకుల్, కోచ్ మీ పేపర్ చూసే డిసైడ్ చేస్తాడంట. నా లైన్‌లో ఎన్ని ఉన్నాయి?"

"ఆటగాళ్ళకు చూపకూడదు."

"త్రీ ఇయర్స్ కూర్చున్నా, అంకుల్. ఇక్కడికి ఆడడానికి వచ్చా. మళ్ళీ కూర్చోడానికి కాదు."

"అయితే బంతి పట్టుకో. గీత గీయడానికి నేను ఉన్నాను."

"బాల్ కోసం వెళ్తే నా మ్యాన్‌ని వదిలేయాలి కదా. వదిలేస్తే వాడు పట్టుకుంటాడు. అందుకే నేను వదలను."

"ఆ మాట కోచ్‌తో చెప్పవలసింది."

"చెప్పా, అంకుల్. పేపర్‌లో చూపించు అన్నాడు."

అతడు వెళ్ళిపోయాడు. నేను స్కేలు పెట్టి శనివారపు పట్టికకు గీతలు గీయడం కొనసాగించాను. రెండు గడులు పూర్తి చేసి, పేజీ కుడి అంచుకు వచ్చేసరికి నా చేయి ఆగింది. వదలను అన్నాడు. వీడు, వీఁడు. ఆమె ఆదివారం తరగతిలో పిల్లలకు ఈ రెండు మాటలూ బల్ల మీద రాసి చూపించి, "తేడా చూశారా, చిన్న వంక ఉంటే మనిషి ఉన్నాడు, తీసేస్తే మనిషి పోయాడు" అని చెబుతుంటే, వెనుక కుర్చీలో కూర్చుని ఆమెను ఇంటికి తీసుకుపోవడానికి గడియారం చూసుకుంటున్న నన్ను నేను చూశాను.

మర్నాడు ఉదయం గ్యారేజీలోని అట్టపెట్టె దింపి పాత నోటు పుస్తకాలు బయటికి తీశాను. ప్రతి పేజీలోనూ నా సరళరేఖలు, అంచున ఆమె వంకర గీత. అరసున్నలు ఎక్కడ ఉన్నాయో కనిపిస్తున్నది గాని, అవి ఏ నియమం ప్రకారం పెట్టినవో నాకు తెలియలేదు. ఒకే ఆటగాడికి వరుసగా మూడు పెట్టి, తరువాత చాలాసేపు ఒక్కటీ పెట్టలేదు. అడిగి తెలుసుకోవలసిన కాలమంతా నేను దానిని అక్రమమని వాదించడంలో గడిపాను.

కళాశాల గ్రంథాలయంలో పాత ఆటల వీడియోలు భద్రపరుస్తారు. ఆమె పుస్తకంలోని ఒక ఆటను ఎంచుకుని, దాని వీడియో అడిగి, గాజు గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒక చేతి కింద ఆమె పేజీ. బంతి తప్పిన ప్రతిసారీ వీడియో ఆపి, రింగు కింద ఎవరు ఏ స్థితిలో ఉన్నారో చూసి, ఆమె గుర్తుతో సరిపోల్చాలని నా ఉద్దేశం.

కెమెరాను స్కోరర్ టేబుల్‌కు ఎదురుగా, పైవరుసలో పెడతారు. అందువల్ల తెర పై అంచున టేబుల్ వెనుక కూర్చున్నవారి తలలు కనిపిస్తాయి. నేను వెదకని దృశ్యం అది. ఎదురు నుంచి తీసినది గనుక, తెరలో ఎడమ కొస నుంచి రెండవ తల నాది. బంతి ఎటు పోతే అటు తిరుగుతూ, టేబుల్ ఫ్యాను వలె, ఎడమకూ కుడికీ, ఎడమకూ కుడికీ. దాని పక్కన బూడిదరంగు శాలువా, ఆమె తల. అది తిరగలేదు. ఎవరైనా బంతి విసిరిన వెంటనే ఆమె చూపు రింగు కిందికి పోయి అక్కడే నిలిచేది. బంతి ఎవరి చేతిలోనో పడి, ఆట మళ్ళీ అవతలివైపుకు కదిలిన తరువాత, ఆమె నా వైపు తిరిగేది. పెదవులు కదిలేవి. మాట లేని వీడియో అది. ఆ మాట ఏమిటో నాకు తెలుసు. ప్రతిసారీ ఆమె నా ముఖంలోకి చూసి అడిగింది. ప్రతిసారీ నేను ముందుకు చూస్తూనే జవాబు చెప్పాను.

నేను ఆ వీడియోను వెనక్కి తిప్పి చూశాను. ఒక్కసారైనా నేను ఆమె వైపు తిరిగి ఉంటానని ఆశించాను. రెండవ అర్ధభాగంలో ఒకసారి తిరిగాను. ఆమె మోచేతి కింద ఉన్న నా స్కేలు తీసుకోవడానికి.

మధ్యాహ్నానికి ఆమె నియమం బోధపడింది. అది నా నియమాల కన్న కఠినమైనది. బంతి రింగును తాకక ముందే ఆటగాడు వీపు తిప్పి ఉండాలి. చేతులతో పట్టి ఆపితే గుర్తు లేదు. బంతి తనవారి చేతిలో పడేదాకా కదలకూడదు. మనవారికే బంతి దొరికినా, అతడు ఒక్క క్షణం ముందు తన మనిషిని విడిచిపెట్టి ఉంటే, ఆమె అరసున్న పెట్టలేదు. నాకు తెలియకుండా నా పక్కన నాకన్న పెద్ద పరీక్షాధికారి కూర్చుని ఉన్నది.

గురువారం సాయంత్రం వరకూ, శుక్రవారం ఉదయమంతా ఈ సీజన్ ఆటల వీడియోలు చూశాను. ఈసారి బంతిని చూడలేదు. కొత్త ఆటగాణ్ణి మాత్రమే చూశాను. అతడు తన మనిషిని వదలలేదు. చాలాసార్లు ఇద్దరిని మోశాడు. అతని భుజాల వెనుక వాళ్ళు చేతులు చాచి ఎగురుతుంటే, అతని ముందు ఏర్పడిన ఖాళీ నేల మీదికి మా పొట్టి గార్డులు తీరికగా వచ్చి బంతి తీసుకున్నారు. వాళ్ళ వరుసలలో నేను కట్టిన గీతల కట్టలన్నీ అతని వీపు మీద కట్టినవి. నిరుడు ఎదుటివారికి రెండవసారి విసిరే అవకాశం ఎంత సులభంగా దొరికేదో నాకు గుర్తున్నది. ఈ సంవత్సరం అతడు ఆటలో ఉన్నంతసేపూ వారికి అది కష్టమైంది. అతణ్ణి బయటికి పిలిచిన ప్రతిసారీ మళ్ళీ సులభమైంది.

లోపం కూడా చూశాను, అది కూడా రాశాను. వెనుక ఉన్నవాడి బూటును తన కాలు తొక్కినప్పుడల్లా అతడు ఉలిక్కిపడి, చేయి కిందికి దించి, ఎదుటివాడి మోకాలినో బూటునో తాకి కళ్ళకు అద్దుకుంటున్నాడు. ఆ అర క్షణంలో మనిషి తప్పించుకుంటున్నాడు. ఆమె నియమం ప్రకారం ఆ గడులు ఖాళీ. శుక్రవారం ప్రాక్టీసుకు ముందు అతణ్ణి పిలిచాను.

"ఆట మధ్యలో ఆ నమస్కారాలు ఏమిటి?"

"కాలు తగిలితే పెట్టాలి కదా, అంకుల్."

"అక్కడ పెట్టకూడదు."

"అమ్మమ్మ లైవ్‌స్ట్రీమ్‌లో చూస్తది. పెట్టకపోతే ఫోన్ చేసి తిడతది. నాకు కాలు అంటే... ఆటోమేటిక్, అంకుల్."

"అన్నీ కూడబెట్టుకుని ఆట ముగిసిన తరువాత ఒకేసారి పెట్టు. అమ్మమ్మగారికి నేను చెప్పానని చెప్పు."

"ఆమె మిమ్మల్ని కూడా తిడతది," అన్నాడు నవ్వుతూ. మొదటిసారిగా 'మిమ్మల్ని' సరిగా వచ్చింది.

తరువాత మూడు గడుల శుభ్రప్రతిని కోచ్ బల్ల మీద పెట్టాను. అతడు మూడవ గడిని వేలితో చూపాడు.

"ఈ నెలవంకలు ఏమిటి, ప్రొఫెసర్?"

చెప్పాను. వీపు తిప్పడం, విడవకపోవడం, ఒకరు నిలవడం వల్ల మరొకరికి దొరకడం. అతడు గార్డుల గీతలనూ ఈ గుర్తులనూ వేలితో జత కలుపుతూ వరుస వెంట కిందికి పోయాడు.

"ఇవి ఇంతవరకు నాకు ఎందుకు ఇవ్వలేదు?"

"నా భార్య చాలా సంవత్సరాలు రాసింది. నేను మీకు ఇచ్చే కాగితంలో నుంచి తీసివేసేవాణ్ణి. తప్పు నాది."

అతడు కుర్చీలో వెనక్కి వాలాడు. "మీ తరగతిలో నేను లెక్క సగమే చేస్తే మీరు సున్న వేసేవారు."

"వేశాను. రెండు సంవత్సరాలు."

"మరి ఇది? సగం సున్నా?"

"దాని పేరుకు అర్థం అదే," అన్నాను.

అతడు నవ్వాడు. నేను ఆ పేరును మా భాషలో ఒకసారి చెప్పాను. అతడు తిరిగి చెప్పబోయి నాలుక తడబడి మానుకున్నాడు. కాగితాన్ని మడచి జేబులో పెట్టుకున్నాడు. "రేపు మొదటి నుంచి చివరి వరకు అతణ్ణే ఆడిస్తాను. మీరు చెప్పినట్టు వదలకుండా నిలబడితే సరే. లేకపోతే సోమవారం నుంచి చిన్నవాళ్ళతోనే."

శనివారం నేను మామూలు ప్రకారం బంతినే చూశాను. రెండు పనులూ ఒక మనిషికి సాధ్యం కావు. మూడవ గడి గీసి ఉంచాను గాని అది ఖాళీగానే ఉన్నది. ఆట చివరికి వచ్చింది. మా జట్టు ఒక్క పాయింటు ఆధిక్యంలో ఉంది. గడియారంలో కొద్ది క్షణాలు మిగిలాయి, బంతి ఎదుటివారిది. వారు విసరబోతున్నారు. పడితే మేము ఓడుతాం. తప్పితే, తప్పిన బంతి ఎవరిదో దాని మీద అంతా ఉంది. ఆ అబ్బాయి మిగిలిన సంవత్సరం కూడా.

బంతి లేచింది. నేను దానిని చూడలేదు.

రింగు కిందికి చూశాను. అతడు అప్పటికే వీపు తిప్పి ఉన్నాడు. నడుము దించి, కాళ్ళు ఎడం చేసి, మోచేతులు మడిచి. వెనుక ఇద్దరు. ఒకడి బూటు అతని బూటు కింద ఉంది. అతని ఎడమ చేతి వేళ్ళు ఒక్కసారి విచ్చుకుని, మళ్ళీ పిడికిలి అయ్యాయి. వంగలేదు. వెనుకవాళ్ళు నెట్టుతుంటే అతని ముఖం ఎర్రబడింది. పాదాలు జరగలేదు. పైన బంతి రింగుకు తగిలిన చప్పుడు, నేల మీద ఎవరివో అడుగులు, ఆ తరువాత మావారి కేకలు, ఆట ముగిసిందని బజరు. కేకలు మా వైపువి గనుక బంతి మాదే అని తెలిసింది. ఎవరి చేతిలో పడిందో నేను చూడలేదు. ఇన్ని సంవత్సరాలలో మొదటిసారి నా పెన్సిలుకు ఎక్కడ గీత గీయాలో తెలియలేదు.

కుడివైపుకు తిరిగి, "ఎవరికి దొరికింది?" అన్నాను.

కుర్చీలో నా సంచి ఉంది.

తరువాత మూడవ గడిలో, అతని వరుసలో, ఒక అరసున్న పెట్టాను. ఆమె పెట్టిన వంక కొంచెం కిందికి వాలి ఉండేది. నాది నిటారుగా వచ్చింది.

ఆటస్థలంలో ఆటగాళ్ళు చేతులు కలుపుకుంటున్నారు. అతడు ఎదుటి జట్టులోని ఇద్దరినీ వెదుక్కుంటూ పోయి, ఒక్కొక్కరి ముందు వంగి, బూట్లు తాకి, కళ్ళకు అద్దుకున్నాడు. మొదటివాడు బెదిరి వెనక్కి గెంతాడు. రెండవవాడు తన బూటు తాడు ఊడిందేమోనని కిందికి చూసుకున్నాడు. కోచ్ నా వైపు చూసి, జేబులోని కాగితాన్ని పైనుంచి తట్టాడు. సోమవారం నుంచి ఆడే ఐదుగురిలో ఎవరు ఉంటారో నాకు అర్థమైంది.

అతడు తువాలుతో ముఖం తుడుచుకుంటూ టేబుల్ దగ్గరికి వచ్చాడు. ఈసారి నేను పుస్తకాన్ని అతని వైపు తిప్పాను.

"నావి ఎన్ని, అంకుల్?"

"రెండు."

"రెండేనా?"

"ఇటు చూడు."

వంగి చూశాడు. "ఈ మూన్ ఏంటి?"

"అరసున్న. చివరి బంతికి నీది."

"బాల్ నేను పట్టుకోలేదు కదా."

"అందుకే."

అతడు ఆ గుర్తును వేలితో తాకకుండా, పైనుంచి గాలిలో గీసి చూశాడు. "దీన్ని ఎలా పలకాలి?"

"పలకరు."

"మరి చివరిది ఎవరు పట్టారు? ఇక్కడ గీత లేదు?"

"నేను చూడలేదు. నిన్ను చూస్తున్నాను."

అతడు ఎవరు పట్టారో చెప్పబోయాడు. నేను చేయి ఎత్తి ఆపాను. తన జట్టువాళ్ళు పిలుస్తుంటే పరుగెత్తుకుంటూ వెళ్ళాడు.

ఇప్పుడు నా వారం ఈ క్రమంలో సాగుతున్నది. శనివారం బంతిని చూసి రెండు గడులు నింపుతాను. సోమవారం ఉదయం గ్రంథాలయంలోని గాజు గదిలో అదే ఆటను రెండవసారి, రింగు కిందికి చూస్తూ, మూడవ గడి నింపుతాను. మూడవ గడి గీతకు స్కేలు వాడడం మానుకున్నాను. రెండు రోజుల పాటు అది ఖాళీగా ఉంటుంది. ఒకప్పుడు ఖాళీ గడిని చూస్తూ ఒక్క గంట కూడా ఉండలేకపోయేవాణ్ణి.

ఆనాటి చివరి బంతి ఎవరికి దొరికిందో అధికారిక లెక్కలో ఉంది. వీడియోలో ఉంది. అడిగితే ఆటగాళ్ళలో ఎవరైనా చెబుతారు. నా పుస్తకంలో ఆ గీత ఒక్కటి తక్కువ. మొత్తం కూడినప్పుడు లెక్క సరిపోదు. కోచ్ దానిని గమనించి, పొరపాటు జరిగిందా అని అడిగాడు. పొరపాటు కాదని చెప్పి, ఆ గడి పక్కన చిన్న సంతకం చేశాను.